చీమలబారు నాడా

మార్టూరు కూతవేటు దూరంలోనే ఉంది. బస్సు మాత్రం కదలటం లేదు. హైవేని వెడల్పు చేస్తున్న రోజులవి. సగం రోడ్డు తవ్వేసి, మిగతా సగం మీద కంకర గుట్టలు పోసి, మధ్యన మిగిలిన సందులోంచే మద్రాసు లారీలనూ కలకత్తా లారీలనూ దారి చూసుకోమన్నారు. ఆ సందులో గ్రానైటు రాయి ఎత్తుకున్న ట్రాలీ ఒకటి ఇరుసు విరిగి అడ్డంగా కూలబడింది. దాని వెనక మిరపకాయ టిక్కీ బస్తాలు నింపుకున్న లారీ ఆగింది. దాని వెనక బస్సు. ఎండలో టిక్కీల ఘాటు లేచి బస్సులోకి కొట్టేసరికి, జనమంతా వరస తప్పకుండా తుమ్మటం మొదలుపెట్టారు.

ఆ తుమ్ముల్లోంచి ముందుగా కిందికి దిగిన మనిషి సర్దార్‌బీ. ఆమె తుమ్మలేదు. కోపంలో ఉన్న మనిషికి మిరపఘాటు కూడా ఎక్కదు కాబోలు. సత్తెనపల్లిలో బయలుదేరింది మొదలు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. చిలకలూరిపేటలో బస్సు మారింది కానీ మొహం మారలేదు. పక్కసీటు మనిషి ఊరేదమ్మా అని అడిగిన పాపానికి ఆమె చూసిన చూపుకు, అతను లేచి వెనక సీటుకు వెళ్లిపోయాడు.

యాభై దాటిన మనిషి. మంచి పొడుగు. వేళ్లు మాత్రం ఆ పొడుగుకు తగ్గవి కావు. పొట్టివి, కొసలు చదునుగా, ఏళ్ల తరబడి దారం ఒరుసుకుని గాట్లు పడ్డవి. చంకలో గుడ్డసంచి. అందులో కాగితంలో చుట్టిన గడ్డం బ్లేడు ఒకటి, పాత స్పీకరు పగలగొట్టి తీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి. ఈ రెండింటినీ పట్టుకుని ఆమె కొత్తపట్నం వెళుతోంది, సొంత తమ్ముడు దొంగ అని రుజువు చేయటానికి. శుక్రవారం నమాజు అయ్యాక సత్తెనపల్లి మసీదు పెద్దలు కూర్చుని వింటామన్నారు. ఉత్త మాటలతో రావద్దు తల్లీ, వస్తువు తెచ్చి మా ముందు పెట్టు అన్నారు. పెడుతుంది. అందుకే పోతోంది.

రోడ్డు పక్కన రేకుల కింద టీ బంకు. దాని నీడలో ఒక వ్యాను, చిలకలూరిపేట వైపు తిరిగి ఆగి ఉంది. వ్యాను మీద మైకు హారన్లు బోర్లించి కట్టి ఉన్నాయి. చక్రం పక్కన గొంతుక్కూర్చుని టీ తాగుతున్న మనిషి భుజాన ఒక వైరు చుట్ట. నల్లటి ప్లాస్టిక్కు వైరు కాదు. తెల్లటి నూలు తొడుగు వేసిన వైరు. తెలుపు మీద ఏటవాలుగా, చుట్టూ తిరుగుతూ పోతున్న సన్నటి నల్ల గీత. దూరం నుంచి చూస్తే పంచదార డబ్బా మీదికి ఎక్కుతున్న చీమలబారు.

ఆ బారు సత్తెనపల్లిలో ఒక్క ఇంటి చూరు కింద తప్ప ఇంకెక్కడా పుట్టదు. సర్దార్‌బీ నేరుగా వెళ్లి అతని భుజం మీది వైరు పట్టుకుంది.

"ఎక్కడిది ఇది?"

అతను ఉలిక్కిపడి టీ ఒళ్లో ఒలకబోసుకున్నాడు. మంచివాడు కాబట్టి ముందు తుడుచుకుని, తర్వాత జవాబు చెప్పాడు. పేరు జక్రయ్య. కొత్తపట్నం దగ్గర పల్లెలో మైకు సెట్టు నడుపుతాడు. పేట అవతల చర్చి వాళ్ల ఉజ్జీవ సభలు జరుగుతుంటే మైకు కట్టటానికి పోతున్నాడు.

"సత్తెనపల్లి గౌస్ బాషా గారి దగ్గరదమ్మా. నాడా వైరంటారు. మీకూ సెట్టుందా?"

ఆమె వినలేదు. ఆమె వేళ్లు తొడుగు మీద ముందుకూ వెనక్కూ నడుస్తున్నాయి. మెత్తగా ఉంది. ఆమె చేతిలోంచి బయటికెళ్లిన నాడా ఇలా ఉండదు. గంజి పట్టించి ఆరేసిన సరుకు, వంచితే కొత్త కాగితంలా పెళపెళమనాలి. ఇది నలిగిన చీరకొంగులా ఉంది. ఎవరో దీన్ని ఉతికారు. ఉతికి, మెత్తబరిచి, దేనికో తొడిగారు. తను అనుకున్నదంతా నిజమేనన్నమాట. ఆ క్షణంలో ఆమెకు కలిగింది దుఃఖం కాదు. దొరికాడురా అనే కసి.

*

ఈ కసి ఎక్కడ మొదలైందో తెలియాలంటే పైజామాల దగ్గరికి పోవాలి.

సర్దార్‌బీ దూదేకుల వాళ్ల పిల్ల, దూదేకుల వాళ్ల కోడలు. మగవాళ్లు విల్లు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి పరుపులకు దూది ఏకేవాళ్లు. ఆడవాళ్లు ఇంట్లో నాడాలు అల్లేవాళ్లు. పైజామాకి, లంగాకి ఎక్కించే తాడే నాడా. బజారులో దొరికే నాడా చదునుగా ఉంటుంది. వీళ్లింట్లోది గుండ్రం, లోపల బోలు. చూరుకు కొక్కెం తగిలించి, దారాలు వేలాడదీసి, ఒక్కో దారం కొసకు చిన్న రాయి కట్టి, ఒకదాని మీంచి ఒకటి దాటిస్తూ అల్లుకుంటూ కిందికి రావాలి. అల్లిక అయ్యాక గంజిలో ముంచాలి. గంజిలో పిడికెడు ఉప్పు వేయాలి. ఉప్పు పడితే ఎండల్లో కూడా నూలు పెళుసుబారదు, పోగు తెగదు. అత్తగారు నేర్పింది, ఆమెకు వాళ్ల అత్తగారు నేర్పింది. పెళ్లిబట్టలు కుట్టించుకునే వాళ్లు నరసరావుపేట నుంచి కూడా వచ్చి, చీమలబారు నాడాలే కావాలని పట్టుకుపోయేవాళ్లు.

తర్వాత దేశంలోకి ఎలాస్టిక్ వచ్చింది. చరిత్ర రాసేవాళ్లు రాజులు మారిన సంవత్సరాలు రాస్తారు గానీ నడుముకు తాడు పోయి రబ్బరు వచ్చిన సంవత్సరం ఎవరూ రాయరు. ఎన్ని వేల చూర్ల కింద కొక్కేలు ఖాళీ అయ్యాయో అందులో ఉంటుంది. పరుపుల్లోకి స్పాంజి వచ్చింది. పత్తి పండించే నేల మీదే దూది ఏకేవాడికి పని లేకుండా పోయింది. సర్దార్‌బీ భర్త మీరా హుస్సేన్ విల్లు అటకెక్కించి మిరపకోతల కూలికి వెళ్లాడు. ఆ పనిలో ఇమడలేక, దగ్గు పట్టి, రెండో వేసవికి పోయాడు. పిల్లలు లేరు. మిగిలింది కొక్కెం, రాళ్లు, ఒక తమ్ముడు.

ఆ తమ్ముడే గౌస్ బాషా. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే కొట్టు. మాట తక్కువ. మనిషి కూడా సన్నంగా, ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంటాడు. అక్క ముందు ఇంకా సన్నబడతాడు. మైకు సెట్ల వాళ్లు తెగిన వైర్లు తెచ్చి అతని ముందు పడేసేవాళ్లు. బజారులో దొరికే వైరు ఎండకు జిగురెక్కి దుమ్మంతా పూసుకుంటుంది, వంటపొయ్యి దగ్గర పారితే కరుగుతుంది. పాడేవాడు మైకు పట్టుకుని నడుస్తుంటే ఆ ప్లాస్టిక్కు నేలకు ఒరుసుకుని, ఆ గరగర హారన్లోంచి ఊరంతా వినపడుతుంది. ఒకరోజు బాషా అక్క ఇంటికి భోజనానికి వచ్చి, కొక్కేనికి వేలాడుతున్న పాత నాడా ముక్కను చాలాసేపు చూశాడు. జేబులోంచి వైరు ముక్క తీసి అందులో దూర్చాడు. బోలు అల్లికకు ఒక గుణం ఉంది. రెండు వైపుల నుంచీ దగ్గరికి నొక్కితే వెడల్పవుతుంది, లాగితే సన్నబడి లోపలున్నదాన్ని పట్టేసుకుంటుంది. వైరు సర్రున దూరింది. లాగాడు, పట్టేసింది. నేల మీద అటూ ఇటూ ఈడ్చాడు. చప్పుడు లేదు.

"అక్కా, ఇంకో ఇరవై గజాలు అల్లగలవా?" అన్నాడు.

అలా మొదలైంది నాడా వైరు. పని రెండు ముక్కలు. లోపలిది బాషా, పైది సర్దార్‌బీ. వైరు కొనటానికి అతను గుంటూరు పోతే కొట్టువాళ్లు విసుక్కునేవాళ్లు. చుట్ట విప్పించి, కొస ఒలిచి, స్పీకరు అయస్కాంతం ఆనించేవాడు. రాగి పూత పూసిన ఇనప పోగులైతే అంటుకుంటాయి. అంటుకుంటే ఆ కొట్టు మెట్టు దిగేసేవాడు. రాగి నిలిస్తే, దాని మీద సన్న తీగెలతో వేసే షీల్డు ఎలా ఉందో చూసేవాడు. ఒంటి తీగెలు ఊరికే చుట్టినట్టు ఉంటే వద్దు. జడ అల్లినట్టు ఉండాలి. అప్పుడే పక్కనున్న కరెంటు తీగెల రొద మైకులోకి రాదు. పైన నీ అల్లిక, లోన నా అల్లిక అనేవాడు అక్కతో, ఎప్పుడన్నా హుషారుగా ఉంటే.

తప్పులు చేయలేదని కాదు. గంజి వాసనకు ఎలుకలు తొడుగు కొరుకుతున్నాయని, సర్దార్‌బీ ఒకసారి గంజిలో మిరపగింజలు మరిగించి పోసింది. ఎలుకలు నిజంగానే ముట్టలేదు. ముట్టింది సత్తెనపల్లి రామాలయంలో భజన పాడే పెద్దమనిషి. వైరు సర్దుకుని, అదే చేత్తో కళ్లు తుడుచుకుని, భక్తి పారవశ్యంలో కన్నీరు కారుస్తున్నాడని జనం దండం పెడుతుంటే, కుళాయి ఎక్కడరా అని మైకులోనే అడిగాడు. ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. సర్దార్‌బీ నవ్వదు. మిరపకాయ మానేసింది, ఉప్పు ఉంచింది.

మూడు నాలుగేళ్లు బాగా నడిచింది. పల్నాటి ఊళ్లలో నాడా వైరు లేని సెట్టంటే సెట్టు కాదన్నారు. సముద్రపు ఒడ్డు దాకా పోయింది పేరు. అక్కణ్నించే చెడ్డమాట వచ్చింది. కొత్తపట్నం వైపు మైకు మనిషి ఒకడు బాషా కొట్టు ముందు నిలబడి, బజారంతా వినేటట్టు, మీ నాడా వైరు పైకి సొగసు, లోపల చెత్త, ఏడాది తిరక్కుండా మూగబోయింది అని అరిచిపోయాడు. ఆ మాట పళ్లెంలో పెట్టి తెచ్చినట్టు సర్దార్‌బీ గుమ్మంలోకి తెచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆమె లెక్క చాలా సూటిది. సత్తెనపల్లిలో వైరు చెడలేదు, నరసరావుపేటలో చెడలేదు. సముద్రం ఒడ్డునే చెడింది. అంటే కళ్లెదుట ఉన్నవాళ్లకు రాగి ఇచ్చి, అంత దూరం నుంచి వచ్చి ఎవరు అడుగుతారులే అని ఆ పల్లెవాళ్లకు ఇనుము అంటగట్టాడు. పైన తన అల్లిక ఉంది కదా. చీమలబారు చూస్తే ఎవరూ ఇంక లోపల చూడరు. దానికి తోడు, ఆ మనిషి వచ్చి అరవటానికి కొన్నాళ్ల ముందే బాషా ఒక మాటన్నాడు. ఈసారి గంజి లేకుండా ఇవ్వక్కా, తొడగటం సులువుగా ఉంటుంది అన్నాడు. అప్పుడే ఆమెకు ఒళ్లు మండింది. గంజి లేని నాడా జారుతుంది. జారేదాన్ని దేని మీంచైనా ఊడదీయొచ్చు, దేనికైనా తొడగొచ్చు. నా పనికి వంక పెట్టేంత వాడివయ్యావా అని కసిరి పంపింది. ఇప్పుడు ఆ మాటకూ ఈ మాటకూ ముడిపడింది.

ఆ సాయంత్రమే సర్దార్‌బీ దారపు ఉండలు, రాళ్లు, కొక్కెంతో సహా తెచ్చి అతని కొట్టు ముందు బోర్లించింది. తల్లి పోయాక నీ ముక్కు తుడిచిన చేతులతో అల్లానురా, దాన్ని తెచ్చి చెత్తకు తొడిగావు అంది. ఇంకా చాలా అంది. బాషా భార్య ఖుర్షిదా అడ్డం రాబోతే, ఆమెను చేత్తోనే ఆపేశాడు బాషా. అంతే. ఒక్క మాట బదులు చెప్పలేదు. దొంగ కాకపోతే నోరు లేవదా? ఇదీ సర్దార్‌బీ ప్రశ్న. బల్ల మీద ఉన్న అతని అయస్కాంతం తీసుకుని సంచిలో వేసుకుని వచ్చేసింది.

అట్లాంటిక్ సముద్రం అడుగున మొట్టమొదట ఖండాన్ని ఖండంతో కలిపిన తంతి తీగెకు కూడా లోపల రాగే. దాని మీద చెట్టుబంక, ఆ పైన తారులో నానిన జనుము, అన్నిటి మీదా ఇనప తీగెల కవచం. మూడు వారాలు మాట్లాడి మూగబోయింది. కరెంటు పెట్టినవాడిది తప్పని కొందరు, తీగె చేసినవాళ్లదే తప్పని కొందరు, సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా నిలబడి తిట్టుకున్నారు. లోపలిదాన్ని పైది కప్పేసే పని ఏదైనా ఇంతే. కనపడనిదాని మీద ఎవరి అనుమానం వాళ్లది.

*

"దీన్ని కోసి చూడాలి" అంది సర్దార్‌బీ.

జక్రయ్య నవ్వబోయి, ఆమె మొహం చూసి నవ్వు మింగాడు. ఈ ఒక్క వైరూ కోయనని చెప్పాడు. వాళ్ల పాస్టరుగారు నిలబడి వాక్యం చెప్పే మనిషి కాదట, వేదిక మీద ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతారట. ఆయన వెనకాల చప్పుడు లేకుండా పాకే వైరు లేకపోతే సభే లేదట.

"కోసుకునేదే కావాలంటే, అదిగో" అని వ్యాను పైకి చూపించాడు.

హారన్లను కట్టేసిన తాడు. ఆమె అంతదాకా దాన్ని తాడనే అనుకుంది. దుమ్ము పట్టి, ఎండకు పసుపెక్కి, ముడి మీద ముడి వేసి బిగించి ఉన్న ఆ తాడు మీద చీమలబారు పోతోంది.

"దాన్ని తాడు కింద కట్టావా?"

"మూగదయిందమ్మా. చూస్తే గట్టిగా ఉంది. పారేయబుద్ధి కాలా."

గొడ్డును కట్టేయలేదు, సంతోషించాలి అని ఆమె అన్న మాటలో సంతోషం ఏమీ లేదు. విప్పమంది. ఆమె గొంతులో ఏముందో గానీ జక్రయ్య వ్యానెక్కి ముడులు విప్పాడు. హారన్లకు వలతాడు కట్టి, మూగ వైరు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఇది పెళపెళమంది. తన గంజి. ఉతకనిది, విప్పనిది, తన చేతిలోంచి పోయింది పోయినట్టే ఉంది. సర్దార్‌బీ వ్యాను అడుగుమెట్టు మీద కూర్చుని, కాగితం విప్పి, బ్లేడుతో తన అల్లికను తనే నిలువునా కోసింది. ఆ పోగులు ఏ పూట ఏ రాయికి కట్టి ఏ పాట పాడుకుంటూ అల్లిందో చేతికి గుర్తుంటుంది. నల్ల ప్లాస్టిక్కు చీల్చింది. లోపల షీల్డు. జడలా అల్లి ఉంది. దాన్నీ విప్పింది. రెండు సన్న వైర్లు. వాటినీ ఒలిచింది. ఎర్రగా, పిల్ల చెవిపోగులా మెరిసింది రాగి. అయస్కాంతం ఆనించింది.

అంటుకోలేదు.

ఒక మూర అవతల కోసింది. అక్కడా రాగే. ఇంకోచోట కోసింది. అయస్కాంతం తిప్పి రెండో వైపు పెట్టింది, వైపు మారిస్తే తమ్ముడి గుణం మారుతుందేమో అన్నట్టు. జారి ఒళ్లో పడింది. తీసి విసురుగా పక్కకు పెడితే, వ్యాను తలుపు రేకుకు ఠక్కున కరుచుకుంది. టీ బంకు మనిషి గ్లాసులు కడగటం ఆపి చూస్తున్నాడు.

ఆమె కోపానికి ఒక్కసారిగా నిలబడే చోటు లేకుండా పోయింది. కోపం అప్పుడు పోదు, ఇంకా పెరుగుతుంది. మంచి వైరు వేసి ఉంటే మరి మూగదెందుకయింది, నీకు వాడటం రాక చెడగొట్టి మా... అని జక్రయ్య మీద లేచి, ఆ 'మా' దగ్గర నాలుక కరుచుకుంది.

"మధ్యలో ఏం లేదమ్మా" అన్నాడు జక్రయ్య, ఆమె తిట్టిన తిట్టు తనకు కాదన్నట్టే. "రోగం కొసల్లో ఉంది. ఇటివ్వండి."

జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, వైరు కొసన ఉన్న జాక్ విప్పాడు. మూత తీసి ఆమె ముందు పట్టుకున్నాడు. తొడుగు కొసను జాక్ లోపలికి మడిచి, బిగింపు కింద దోపి ఉంది. ఊడిపోకుండా అలా దోపమని చెప్పింది సర్దార్‌బీయే. ఆ నూలు ఆనుకున్న చోటల్లా రాగి పచ్చబడింది. చిలుము. ఉత్త చిలుము కాదు, తిని తిని పొడి చేసిన చిలుము. షీల్డు తీగెలు వేలు తగిలితే రాలిపోయాయి.

"మొదట నేనూ తిట్టానమ్మా బాషా గారిని" అని చెప్పుకొచ్చాడు జక్రయ్య. ఆ వైపు అందరికంటే ముందు తనే ఫిర్యాదు పంపితే ఆయనే బస్సెక్కి వచ్చాడట. గుమ్మంలో కూర్చుని జాక్ విప్పాడట. వైరు ఎక్కడ పెడతావని అడిగితే, వలలు పెట్టే పాకలో, సముద్రం గాలికి అని జక్రయ్య చెప్పాడట. అప్పుడు బాషా ఆ నూల్లోంచి ఒక పోగు లాగి నాలుక మీద పెట్టుకున్నాడట.

"ఏమన్నాడు?" అంది సర్దార్‌బీ.

"మా అక్క గంజిలో ఉప్పేస్తది, అన్నాడు. నాడా అయితే మొదటి ఉతుకుకే ఉప్పు పోద్ది. వైరును ఎవరు ఉతుకుతారు, అన్నాడు. సత్తెనపల్లిలో పొడి గాలి కాబట్టి ఊరుకుంది, ఇక్కడ చెమ్మకు తినేసింది, అన్నాడు."

ట్రాలీ దగ్గర జనం హైలెస్సా అంటున్నారు. ఎక్కడో లారీ హారను ఆగకుండా మోగుతోంది. ఆమె చేతిలోని జాక్ వంకే చూస్తోంది.

"మరి ఆ అక్కకు చెప్పాడా?"

"నేనూ అదే అడిగా. చేతి పనికి వంక పెడితే ఆమె ఇంక అల్లదు, ఆ అల్లికే ఆమెకు మిగిలింది, గంజి మానమని ఏదో సాకు చెప్తాలే, అన్నాడు. సాకు పారలేదనుకుంటా. కొన్నాళ్లకు లారీ డ్రైవరుతో ఈ కొత్తది పంపాడు. డబ్బు తీసుకోలా. నేనే ఉతికి ఆరేసి తొడిగా, ఇంక చెడదు అని కబురు చెప్పాడు." జక్రయ్య తన భుజం మీది మెత్తటి వైరు తట్టాడు. "మంచిగా ఉందమ్మా. పాటకు పాట, మాటకు మాట."

సర్దార్‌బీ పచ్చబడిన కొసకు కాస్త పైన, శుభ్రంగా ఉన్న చోట, ఒక పోగు పంటితో కొరికింది. నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పు.

అంతమంది అత్తగార్ల ఉప్పు. ఏళ్ల తరబడి పిడికెడు పిడికెడు. తన తొడుగే లోపలి వైరును తినేసింది. అది తెలిసి కూడా తమ్ముడు బజారులో నిలబడి, దొంగ అనిపించుకుని, నోరు మూసుకుని తలవంచుకున్నాడు. ఇక్కడ వేరే మనిషికైతే కన్నీళ్లు రావాలి. సర్దార్‌బీకి రాలేదు. ఆమెకు చెవుల దాకా మంటెత్తింది.

"నోరు పడిపోయిందా వాడికి" అంది. జక్రయ్యతో కాదు, ఎవరితోనూ కాదు. "ఉప్పు మానెయ్యక్కా అంటే మానేదాన్ని కాదా? తిట్టేదాన్ని, రెండు రోజులు తిండి మానేసేదాన్ని, మూడో రోజు మానేదాన్ని. సాకులు చెప్పాడంట, సాకులు. నేనేమన్నా పసిపిల్లనా, చేదు మందు బెల్లంలో పెట్టి మింగించటానికి? బజారు నిండా నా నోటితో నాచేతే వాగించాడు. నిలబడి విన్నాడు. నా గంజి సంగతి నాకే తెలియకుండా దాచాడు. నా ఇంట్లో నాకు చెప్పటానికి నోరు రాలేదు గానీ, ఊరు కాని ఊళ్లో ముక్కూమొహం తెలియనివాడికి చెప్పటానికి వచ్చింది."

జక్రయ్య మొహంలో రంగులు మారాయి. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది.

"బూబమ్మా," అన్నాడు మెల్లగా, "ఆ అక్కగారు..."

ఆమె తలెత్తి చూసింది. అతను మిగతా మాట మింగేశాడు. తర్వాత మనసాగక, ఆయన మీ గురించి ఒక్క ముక్క చెడ్డగా అనలేదమ్మా అన్నాడు.

"అంటే బాగుండేది" అంది ఆమె.

కోసిన వైరును చుట్ట చుట్టింది. జాక్ విప్పిన కొస, చిలుము రాలిపోకుండా, బ్లేడు చుట్టి తెచ్చిన కాగితంలోనే జాగ్రత్తగా పొట్లం కట్టింది. పెద్దలు అడిగిన వస్తువు దొరికింది. శుక్రవారం అది వాళ్ల ముందు పెట్టాల్సిందే. వాళ్ల కంటే ముందు ఇంకొకడి ముందు పెట్టాలి. ఆ బల్ల ముందు నిలబడి, ఈ పొట్లం విప్పి, వాడి మూగనోరు తెరిపించి, అక్కా ఇది నీ తప్పు అని వాడి చేత అనిపించాలి. ఆ మాట వాడి నోటితో వినేదాకా ఆమె వదలదు. విన్నాక ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. కొక్కెం మాత్రం వాడి కొట్టు ముందే పడి ఉంటుంది, ఎవరూ తీసి ఉండరు.

అంతలో అరుపులు లేచాయి. ట్రాలీని పక్కకు నెట్టారు. మిరపకాయల లారీ కదిలింది. బస్సు కండక్టరు తలుపు బాదుతూ ఒంగోలు, ఒంగోలు అని కేకేస్తున్నాడు. దిగినవాళ్లంతా తుమ్ముతూనే పరుగెత్తి ఎక్కుతున్నారు. ఏమమ్మా రావా అని అతను సర్దార్‌బీని కూడా పిలిచాడు. ఆమె బస్సు వైపు చూడనే లేదు. సంచి చంకలో పెట్టుకుని, మూగ వైరు చుట్ట భుజాన వేసుకుని, కంకర గుట్టల పక్కనుంచి పేట వైపు, వచ్చిన దారినే నడక మొదలుపెట్టింది.

జక్రయ్య లేచి నాలుగడుగులు వెంట వెళ్లాడు. నేనూ అటే పోతున్నానమ్మా, వ్యానెక్కండి, పేటలో దింపుతాను అన్నాడు. ఆమె ఆగలేదు. అమ్మా, మీ అయస్కాంతం, అన్నాడు. వ్యాను తలుపుకు కరుచుకుని ఉన్నదాన్ని పట్టి లాగాడు. రాలేదు. రెండు చేతులా పట్టి పీకేసరికి ఆమె లారీల వరస దాటేసింది. పసుపెక్కిన తొడుగు మీది నల్ల గీత కాసేపు దుమ్ములో కనపడింది, తర్వాత దుమ్మే కనపడింది.